ఫాల్ట్ వచ్చినప్పుడు ఫ్యాక్టరీ లోడ్ ఎందుకు పడిపోతుంది, దాన్ని మోడల్‌లో ఎలా చూపించాలి

తమ్ముడూ, నువ్వు అడిగింది చదవనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కల్లో చెప్తా. మిర్యాలగూడ వైపు ఒక 132/33 కేవీ సబ్‌స్టేషన్, దాని కింద ఒక సిమెంటు ఫ్యాక్టరీ, కొన్ని రైస్ మిల్లులు, ఒక మందుల కంపెనీ, మిగతాది బోర్లు, ఊళ్ళు. ఎంటెక్ ప్రాజెక్టులో ఈ లోడ్ మొత్తాన్ని 40-30-30 జిప్ మోడల్‌గా (స్థిర ఇంపిడెన్స్, స్థిర కరెంటు, స్థిర పవర్ వాటాల కలయికగా) పెట్టి 132 లైన్ మీద సింగిల్ ఫేజ్ ఫాల్ట్ (ఒక ఫేజు భూమికి తగలడం) ఇచ్చావు. సిమ్యులేషన్‌లో ఫాల్ట్ క్లియర్ కాగానే వోల్టేజీ, మెగావాట్లు రెండూ పాత చోటికి వచ్చేశాయి. రికార్డర్ మాత్రం లోడ్ సగం దాకా పడిపోయిందని, వోల్టేజీ మామూలు కంటే పైకి ఎక్కి కూర్చుందని, లోడ్ తిరిగి రావడానికి చాలాసేపు పట్టిందని చూపిస్తోంది. ఎక్స్‌పొనెంట్లు (వోల్టేజీతో లోడ్ ఎంత మారుతుందో చెప్పే ఘాతాంకాలు) ఎంత మార్చినా కలవడం లేదు, ఫ్రీక్వెన్సీ ప్రభావం కూడా పెట్టాలా అని అడిగావు.

ముందు ఎక్స్‌పొనెంట్లు మార్చడం ఆపెయ్. జిప్ మోడల్ అయినా, ఎక్స్‌పొనెన్షియల్ మోడల్ అయినా ఒక్క మాటే చెప్తుంది, వోల్టేజీ ఇంత ఉంటే లోడ్ ఇంత అని. వోల్టేజీ తిరిగొస్తే లోడ్ కూడా తిరిగి రావాల్సిందే, ఆ సూత్రంలో ఇంకో దారి లేదు. నీ రికార్డింగ్‌లో వోల్టేజీ వచ్చినా లోడ్ రాలేదు. అంటే అక్కడ జరిగింది లోడ్ తగ్గడం కాదు, లోడ్ ఊడిపోవడం. ఫ్యాక్టరీ లోడ్ విషయంలో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: డిప్ (వోల్టేజీ క్షణకాలం పడిపోవడం) తర్వాత ఎవరు లైన్ మీద మిగిలారు? మిగిలినవాళ్ళు ఎలా ప్రవర్తిస్తారనేది రెండో ప్రశ్న, పోయినవాళ్ళు ఎప్పుడు తిరిగొస్తారనేది మూడోది. చాలామంది పేపర్లు చూసి రెండో ప్రశ్న దగ్గర మొదలుపెడతారు, అక్కడే చిక్కుకుంటారు.

ఎవరు పోతారు అనేది మోటార్ నేమ్‌ప్లేట్ మీద ఉండదు, కంట్రోల్ సర్క్యూట్‌లో ఉంటుంది. ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) మోటార్ స్టార్టర్‌లో ఏసీ కాయిల్ కాంటాక్టర్ (కాయిల్‌కి కరెంటు ఉన్నంతసేపే మోటార్‌ని లైన్‌కి కలిపి ఉంచే స్విచ్) ఉంటే, ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం అది 20 నుంచి 75 శాతం వోల్టేజీ మధ్యలో ఎక్కడైనా వదిలేయొచ్చు. ఆచరణలో ఎక్కువ భాగం 50, 60 దగ్గర, అదీ ఒకటి రెండు సైకిళ్లలోనే, అంటే 20 నుంచి 40 మిల్లీసెకన్లలో వదిలేస్తాయి. ఇప్పుడు దీని పక్కన ఫాల్ట్ క్లియరింగ్ టైమ్ పెట్టి చూడు. గ్రిడ్ ప్రమాణాల ప్రకారం 400 కేవీలో 100 మిల్లీసెకన్లు, 220, 132 కేవీలో 160 మిల్లీసెకన్లు. రిలే, బ్రేకర్ రెండూ తమ పని సరిగ్గా, టైముకే చేసినా సరే, నీ 132 లైన్‌లో అప్పటికే కాంటాక్టర్ వదిలేసి వంద మిల్లీసెకన్లు దాటి ఉంటుంది. 33 కేవీ, 11 కేవీ ఫీడర్ మీద ఫాల్ట్ అయితే ఇంకా ఆలస్యం, ఓవర్‌కరెంట్ రిలే అర సెకను, సెకను కూడా తీసుకోవచ్చు, ఆ ఫీడర్ ఉన్న బస్ మీద వాళ్ళందరికీ ఆ డిప్ తగులుతుంది.

సిమెంటు ఫ్యాక్టరీలో పెద్ద 6.6 కేవీ మోటార్లు ఇలా పోవు. వాటి బ్రేకర్ కంట్రోల్ బ్యాటరీ మీద, 110 వోల్టుల డీసీ మీద నడుస్తుంది, అండర్‌వోల్టేజ్ రిలేకి కూడా సెకనో రెండు సెకన్లో డిలే పెట్టి ఉంటుంది. కాబట్టి హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) మోటార్లన్నీ నిలబడతాయని మోడల్‌లో రాసేస్తారు. కానీ మిల్లు గేర్‌బాక్స్‌కి ఆయిల్ కొట్టే లూబ్ పంపు ఎల్‌టీ మోటార్, దాని కాంటాక్టర్ ఏసీ కాయిల్. అది వదిలేసిన కొన్ని సెకన్లకి ఆయిల్ ప్రెషర్ తగ్గి ఇంటర్‌లాక్ (ఒకటి ఆగితే ఇంకోదాన్ని ఆపే రక్షణ) వచ్చి మెయిన్ మోటార్ ట్రిప్ అవుతుంది. రికార్డర్‌లో ఇది ఫాల్ట్‌తో సంబంధం లేని రెండో మెట్టులా కనిపిస్తుంది, వోల్టేజీ బాగానే ఉండగా ఒక్కసారిగా కొన్ని మెగావాట్లు పోతాయి. నీ రికార్డింగ్ మళ్ళీ తెరిచి ఫాల్ట్ తర్వాత మొదటి పది ఇరవై సెకన్లు జాగ్రత్తగా చూడు, అలాంటి మెట్లు ఉంటే అవి ఇంటర్‌లాకులే అయ్యే అవకాశం ఎక్కువ. ఇలాంటిది ఏ ఎక్స్‌పొనెంట్‌తోనూ రాదు, ప్లాంట్ ఎలక్ట్రికల్ వాళ్ళ దగ్గర కూర్చుని ఇంటర్‌లాక్ జాబితా అడిగితేనే తెలుస్తుంది.

ఇప్పుడు నీ కేసులో అసలు మెలిక దగ్గరికి వస్తా. నువ్వు ఇచ్చింది సింగిల్ ఫేజ్ ఫాల్ట్, వాడింది పాజిటివ్ సీక్వెన్స్ సిమ్యులేషన్, అంటే మూడు ఫేజులూ సమానమనుకుని ఒకే వోల్టేజీగా లెక్కించేది. 132 మీద ఒక ఫేజు పూర్తిగా సున్నా అయి మిగతా రెండూ నిండుగా ఉన్నాయనుకో, పాజిటివ్ సీక్వెన్స్ వోల్టేజీ మూడింట రెండు వంతులు, అంటే 67 శాతం. కాంటాక్టర్లు 60 దగ్గర వదులుతాయని నువ్వు మోడల్‌లో పెట్టినా, 67 కదా, ఎవరూ పోరు అని సాఫ్ట్‌వేర్ చెప్తుంది. కానీ ప్లాంట్ లోపల 67 అనే వోల్టేజీ ఏ వైరు మీదా ఉండదు. 33 కేవీ వినియోగదారుడికి మధ్యలో ఒక డెల్టా-స్టార్ (రెండు వైపులా వైండింగులు వేర్వేరు తీరుగా కట్టిన) ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, ఎల్‌టీ వైపు రెండు ఫేజులు 58 శాతానికి పడతాయి, మూడోది నిండుగా ఉంటుంది. ఆ పడిపోయిన రెండు ఫేజుల మధ్య కాయిల్ కట్టి ఉంటే దానికి వచ్చేది 33 శాతమే, అది దాదాపు తప్పకుండా వదిలేస్తుంది. అదే 11 కేవీ రైస్ మిల్లుకైతే 33/11 దగ్గర ఒకటి, 11 కేవీ/433 వోల్టుల దగ్గర ఇంకోటి, రెండు డెల్టా-స్టార్లు దాటాలి. అక్కడ ఒక ఫేజు 33 శాతం, మిగతా రెండు 88 శాతం. కంట్రోల్ వైరు ఆ ఒక్క ఫేజు మీద ఉన్న మిల్లు ఆగిపోతుంది, పక్క మిల్లులో వేరే ఫేజు మీద ఉంటే వాళ్ళకి లైటు కాస్త మిణుకుమంటుంది, అంతే. ఒకే వీధిలో ఒక మిల్లు ఆగి ఇంకోటి నడవడానికి చాలాసార్లు కారణం ఇదే. జనం మాత్రం ఆగిన మిల్లు మెషినరీ బాగాలేదనుకుంటారు.

కాబట్టి అన్‌బ్యాలెన్స్‌డ్ ఫాల్ట్ చేస్తున్నప్పుడు మూడు ఫేజులు విడివిడిగా లెక్కించే సాఫ్ట్‌వేర్ వాడు. అది లేకపోతే కనీసం సీక్వెన్స్ వోల్టేజీల నుంచి ఎల్‌టీ ఫేజ్ వోల్టేజీలు చేత్తో లెక్కకట్టి ట్రిప్ లాజిక్‌కి అవి ఇవ్వు. ఇంకా మంచిది, ప్రతి రకం లోడ్‌లో సగం, మూడో వంతు అని భిన్నాలుగా ట్రిప్ చేయించు. ఏ కాయిల్ ఏ ఫేజు మీదుందో ప్రతి మిల్లుకీ తెలియదు కాబట్టి మూడు ఫేజులకీ సమానంగా పంచడం సబబు.

ఇక నిలబడిన మోటార్లు. ఇండక్షన్ మోటార్ టార్క్ వోల్టేజీ స్క్వేర్ మీద ఉంటుందని నీకు తెలుసు, దాన్ని అంకెల్లో ఒకసారి చూడు. బ్రేక్‌డౌన్ టార్క్ 2.2 రెట్లు ఉన్న మోటార్ మీద 80 శాతం లోడ్ ఉందనుకుందాం. వోల్టేజీ 70 శాతానికి పడితే గరిష్ఠ టార్క్ 1.08, స్లిప్ (వేగంలో వెనకబాటు) పెరిగినా నిలబడుతుంది. 60 దగ్గర 0.79, సరిగ్గా అంచు మీద ఉంది. 50 దగ్గర 0.55, ఇక వేగం తగ్గుతూనే పోతుంది. ఎంత త్వరగా తగ్గుతుందనేది ఇనర్షియా చెప్తుంది. బోరు పంపు లాంటి తేలిక రోటర్‌కి ఇనర్షియా స్థిరాంకం 0.3 సెకన్లు తీసుకుంటే, వోల్టేజీ పూర్తిగా పోయిన 160 మిల్లీసెకన్లలో వేగం సుమారు 20 శాతం పడిపోతుంది. అదే 4 సెకన్ల ఇనర్షియా ఉన్న పెద్ద ఫ్యాన్‌కి 2 శాతం కూడా పడదు. ఈ రెండిటినీ కలిపి సగటు తీసి ఒకే మోటార్‌గా పెడితే ఆ మోటార్ ఫ్యాన్‌లానూ ఉండదు, పంపులానూ ఉండదు, నీకు వచ్చే వోల్టేజీ రికవరీ రెండిటికీ సంబంధం లేనిది అవుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలో పొగ గ్యాసుల్ని లాగే ఐడీ ఫ్యాన్లు, దుమ్ము పట్టే బ్యాగ్ హౌస్ ఫ్యాన్లు ఒక గ్రూపు, పంపులు ఒకటి, కంప్రెసర్లు, కన్వేయర్లు, క్రషర్లు లాంటి స్థిర టార్క్ యంత్రాలు ఇంకోటి. రైస్ మిల్లులో షెల్లర్, పాలిషర్, ఎలివేటర్లు స్థిర టార్క్‌లోకి, డ్రయ్యర్ బ్లోయర్లు ఫ్యాన్లలోకి వెళ్తాయి. మూడు గ్రూపులు చాలు, అంతకంటే ఎక్కువ పెడితే పారామీటర్లు కనుక్కోలేవు.

వేగం తగ్గిన మోటార్లు ఫాల్ట్ పోయాక ఒక్కసారే మళ్ళీ పరుగందుకోవాలి, అప్పుడు స్టార్టింగ్ కరెంట్‌కి దగ్గరగా, అంటే ఐదారు రెట్లు, అదీ ఎక్కువగా రియాక్టివ్ లాగుతాయి. అందుకే వోల్టేజీ నిటారుగా లేవదు, వాలుగా లేస్తుంది. నీ ఫీడర్ ఇంపిడెన్స్ మోడల్‌లో లేకపోతే ఈ వాలు కూడా రాదు. లోడ్‌ని నేరుగా 33 బస్ మీద తగిలించకు, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, కొంత లైన్ ఇంపిడెన్స్ పెట్టు. పొడుగు 11 కేవీ లైన్ చివర ఉన్న మిల్లుకీ, బస్ మీదున్న ఫ్యాక్టరీకీ మామూలు రోజుల్లోనే వోల్టేజీ తేడా ఉంటుంది.

డ్రైవులు వేరే జాతి. వీఎఫ్‌డీ (మోటార్ వేగం మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవ్) వెనక మోటార్ ఏదైనా బయటికి కనిపించేది రెక్టిఫయర్, అది స్థిర పవర్ లాగుతుంది. వోల్టేజీ 85 శాతానికి వస్తే కరెంటు 18 శాతం పెరుగుతుంది, ఇంకా పడితే డీసీ బస్ అండర్‌వోల్టేజ్ వచ్చి గేట్లు మూసేసుకుని ఆగిపోతుంది. ఫుల్ లోడ్‌లో డీసీ బస్ మీదున్న కెపాసిటర్ ఒకటి రెండు సైకిళ్లు కూడా ఆదుకోదు. కానీ పైన చెప్పిన 58-58-100 డిప్‌లో గట్టి లైన్ జత 88 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి డ్రైవ్ బతకొచ్చు, దాన్ని ఆన్ చేసిన ఇన్‌పుట్ కాంటాక్టర్ మాత్రం పోవచ్చు. మందుల కంపెనీల్లో, జడ్చర్ల పోలేపల్లి వైపైనా చౌటుప్పల్ వైపైనా, ఏహెచ్‌యూలు (గదులకి గాలి శుభ్రం చేసి పంపే యంత్రాలు), చిల్లర్లు ఎక్కువ, డ్రైవుల వాటా బాగా ఉంటుంది. అక్కడ జిప్‌లో స్థిర పవర్ వాటా పెంచి వదిలేయకు, ఆ వాటాకి ట్రిప్ పాయింట్ కూడా పెట్టు. కొత్తూరు, బాలానగర్ వైపు ఇండక్షన్ ఫర్నేస్‌లకీ ఇదే వర్తిస్తుంది, కన్వర్టర్ ట్రిప్ అయితే మొత్తం మెగావాట్లు ఒకేసారి పోతాయి, సగం సగం పోవడం ఉండదు.

పీఎస్ఎస్ఈ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఇంకో సంగతి ఉంది. స్థిర పవర్ లోడ్ వోల్టేజీ 0.7 కంటే కిందికి పడితే లెక్క కలవడానికి సాఫ్ట్‌వేరే దాన్ని వేరే తీరుగా మార్చేసుకుంటుంది, డిఫాల్ట్‌గానే అలా ఉంటుంది. నువ్వు స్థిర పవర్ అనుకున్నది ఫాల్ట్ సమయంలో స్థిర పవర్‌గా ఉండనే ఉండదు. ఆ సెట్టింగ్ ఎంతుందో చూసుకో.

వోల్టేజీ పైకి ఎక్కి కూర్చోవడం గురించి అడిగావు. లోడ్ పోయింది, కెపాసిటర్ బ్యాంకులు మిగిలాయి, అంతే. ఇక్కడే రియాక్టివ్ ఎక్స్‌పొనెంట్ గొడవ కూడా ఉంది. నువ్వు క్యూకి (రియాక్టివ్ పవర్‌కి) ఎక్స్‌పొనెంట్ 7, 8 వచ్చిందని రాశావు. అది మోటార్ గుణం కాదు. మోటార్లు లాగే క్యూలోంచి కెపాసిటర్లు ఇచ్చే క్యూ తీసేస్తే మిగిలేది చిన్న అంకె, చిన్న అంకెలో కొద్ది మార్పు కూడా పెద్ద శాతంగా కనిపిస్తుంది. కెపాసిటర్లు విడిగా పెట్టు, సబ్‌స్టేషన్‌వి, ప్లాంట్‌లో పవర్ ఫ్యాక్టర్ సర్దే ఏపీఎఫ్‌సీ ప్యానెల్‌వి రెండూ. మోటార్ క్యూని దాని మోడల్‌కే వదిలెయ్, ఆ 7, 8 మాయమవుతుంది.

సిమెంటు ఫ్యాక్టరీలో సొంత పవర్ ప్లాంట్ గానీ, కిల్న్ (సిమెంటు ముడిసరుకు కాల్చే తిరిగే కొలిమి) వేడితో నడిచే టర్బైన్ గానీ ఉంటే దాన్ని లోడ్‌లో కలిపి నికర మెగావాట్లుగా చూపించకు. గ్రిడ్ నుంచి విడదీసే ఐలాండింగ్ రిలే కొట్టి వాళ్ళు విడిపోతే గ్రిడ్‌కి కనిపించే లోడ్ ఒక్క దెబ్బకి సున్నా. పాలమూరు వైపు సబ్‌స్టేషన్ ఎంచుకునేవాళ్ళు కల్వకుర్తి లిఫ్ట్ లాంటివి దగ్గరుంటే మరీ జాగ్రత్త. అక్కడ ఒక్కో మోటార్ 30 మెగావాట్లు, సింక్రనస్ మోటార్లు, వాటికి రోటర్ యాంగిల్, ఎక్సైటేషన్‌తో జనరేటర్ లాంటి మోడల్ కావాలి, ఇండక్షన్ గ్రూపులో వేయడానికి వీల్లేదు.

బోర్ల సంగతి మన దగ్గర ప్రత్యేకం. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది, దానికి ముందే ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు, అయినా చాలాచోట్ల ఉన్నాయి. కాంటాక్టర్ వదిలేసినా ఆటో స్టార్టర్ ఉన్న పంపు కాసేపటికి తనంతట తానే ఎక్కుతుంది, లేనిది రైతు వెళ్లి బటన్ నొక్కేదాకా ఎక్కదు. కాబట్టి ఆ లోడ్‌ని రెండుగా విడదీయి: తొందరగా, గుంపుగా, స్టార్టింగ్ కరెంటుతో తిరిగొచ్చేది ఒకటి, గంటల తర్వాత చెదురుమదురుగా వచ్చేది ఒకటి. వాటా ఎంతో ఊహించకు. యాసంగిలో ఒక 11 కేవీ వ్యవసాయ ఫీడర్ ట్రిప్ అయి తిరిగి చార్జ్ చేసినప్పుడు మొదటి ఐదు నిమిషాల ఆంపియర్లు చూస్తే అదే చెప్తుంది.

ఫ్యాక్టరీలు తిరిగి రావడం కూడా ఇలాగే, ఎవరి లెక్క వాళ్ళది. ఫర్నేస్‌వాళ్ళు లోహం గడ్డకడుతుందని వీలైనంత తొందరగా ఎక్కిస్తారు. చిల్లర్‌కి వెంటనే తిరిగి స్టార్ట్ కానివ్వని టైమర్ ఉంటుంది. రైస్ మిల్లులో లోడ్ మీద ఆగిన ఎలివేటర్ బూట్‌లో వడ్లు నిండిపోతాయి, చేత్తో తీసి గానీ స్టార్ట్ చేయలేరు, అందుకే అరగంట ఊరికే పోతుంది. కిల్న్ అయితే ఆగినప్పుడు ముందు దాన్ని వంకరపోకుండా తిప్పుతూ ఉంచడం మీదే అందరి ధ్యాస, మళ్ళీ వేడెక్కించి ఫీడ్ పెట్టేసరికి గంటలు పడుతుంది. నీ రికార్డింగ్‌లో మెల్లగా ఎక్కిన ఆ వాలు ఇదంతా కలిసినదే. డైనమిక్ సిమ్యులేషన్‌లో ఇది అక్కర్లేదు, మొదటి ముప్పై సెకన్లే కావాలి. కానీ వోల్టేజీ ఎంతసేపు పైన ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీ సర్దే మెట్టు) ఎప్పుడు మారుతుంది అని చూడాలంటే కావాలి.

డేటా దగ్గర మొహమాటం వద్దు. ఎనర్జీ మీటర్ పదిహేను నిమిషాల సగటు ఈ పనికి పనికిరాదు. అర సైకిల్‌కోసారి ఆర్‌ఎంఎస్ ఇచ్చే పవర్ క్వాలిటీ ఎనలైజర్ గానీ, రిలే డిస్టర్బెన్స్ రికార్డు గానీ తీసుకో, మూడు ఫేజుల వోల్టేజీలు, కరెంట్లు విడివిడిగా. ట్యాప్ మార్చి కొలిచే పరీక్ష మంచిదే, ఒక ట్యాప్ 1.25 శాతం, రెండు మూడు ట్యాపులు కలిపితే చిన్న మార్పుకి స్పందన బాగా దొరుకుతుంది. కానీ అక్కడ వచ్చిన ఎక్స్‌పొనెంట్ 95, 105 శాతం మధ్యే చెల్లుతుంది, దాన్ని పట్టుకుని 60 శాతానికి పోవద్దు. దేశంలో గానీ బయట గానీ ప్రచురించిన వాటాలు యథాతథంగా ఎత్తుకురావద్దు. అమెరికా పశ్చిమ గ్రిడ్‌లో 1996 ఆగస్టు 10న జరిగిన పెద్ద అంతరాయాన్ని అప్పటి మోడల్స్ తిరిగి చూపించలేకపోయాయి, తర్వాత కొన్నేళ్ళకి 20 శాతం లోడ్‌ని మోటార్‌గా పెట్టడం, ఆ తర్వాత రకరకాల లోడ్లని విడివిడిగా పెట్టే కాంపోజిట్ మోడల్ వచ్చాయి. ఆ కాంపోజిట్ మోడల్ నిర్మాణం బాగుంది, వాడు. కానీ అందులో సింగిల్ ఫేజ్ ఏసీ కంప్రెసర్లకి ఇచ్చిన వాటా అక్కడి ఇళ్ళది, చిట్యాల ఫీడర్‌ది కాదు. మన దగ్గర వానాకాలం వడ్లు వచ్చాక మిల్లులు, యాసంగిలో బోర్లు, కృష్ణకి వరద వచ్చినప్పుడు లిఫ్టులు. ఒకే సబ్‌స్టేషన్‌కి కనీసం రెండు వాటాల పట్టికలు ఉండాలి.

ఫిట్టింగ్‌లో ట్రిప్ భిన్నాలు, గ్రూపు వాటాలు మాత్రమే కదిలించు. రోటర్ రెసిస్టెన్స్, రియాక్టెన్స్ లాంటివి మామూలు విలువల దగ్గర స్థిరంగా ఉంచు. అన్నీ ఒకేసారి వదిలేస్తే ఒక ఈవెంట్‌కి అద్భుతంగా కలిసి, రెండోదానికి అసలు కలవని అంకెలు వస్తాయి. పీతో (మెగావాట్లతో) పాటు క్యూ కూడా కలవాలి. లోతులో తేడా ఉన్న ఈవెంట్లు మూడు నాలుగు తీసుకుని, ఒకటి ఫిట్టింగ్‌లో వాడకుండా పక్కన పెట్టి దాని మీద పరీక్షించు.

ఫ్రీక్వెన్సీ సంగతి. 2013 డిసెంబర్ 31న దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో సింక్రనైజ్ అయ్యాక ఒక సబ్‌స్టేషన్ లోడ్ పోతే ఫ్రీక్వెన్సీలో కనిపించేదేమీ ఉండదు. నీ ఈ స్టడీకి దాన్ని 50 దగ్గర స్థిరంగా ఉంచినా నష్టం లేదు. పెద్ద జనరేషన్ పోయిన సందర్భం చేయాలనుకుంటే మాత్రం పెట్టు, సాధారణంగా ఫ్రీక్వెన్సీ 1 శాతం, అంటే అర హెర్ట్జ్ తగ్గితే లోడ్ 1 నుంచి 2 శాతం తగ్గుతుందని తీసుకుంటారు. నేరుగా లైన్ మీద నడిచే ఫ్యాన్ పవర్ వేగం ఘనం మీద ఉంటుంది కాబట్టి అది ఎక్కువే తగ్గుతుంది, డ్రైవ్ మీదున్నది అసలు తగ్గదు. డ్రైవులు పెరిగిన ప్లాంట్‌కి పాత విలువ వాడితే గ్రిడ్‌కి లేని సాయం ఉన్నట్టు చూపించినట్టవుతుంది. 49.4 హెర్ట్జ్ దగ్గర అండర్‌ఫ్రీక్వెన్సీ రిలేల మొదటి మెట్టు మొదలవుతుంది, నీ 33 ఫీడర్లలో ఏవి ఏ మెట్టులో ఉన్నాయో సబ్‌స్టేషన్‌లో అడిగి రాసుకో. ముందు సిమెంటు ఫ్యాక్టరీ సింగిల్ లైన్ డయాగ్రామ్, ఇంటర్‌లాక్ జాబితా సంపాదించు, వచ్చాక ఇక్కడే పెట్టు, ట్రిప్ లాజిక్ కలిసి రాద్దాం.